ఈములు గెలిచాయట! వింత చరిత్ర వినగానే జోకే ఎందుకొస్తుంది?

1932 నవంబరులో పశ్చిమ ఆస్ట్రేలియాలోని కాంపియన్ ప్రాంతానికి ఒక చిన్న సైనిక దళం బయల్దేరింది. వెంట రెండు లూయిస్ మెషిన్ గన్లు, పదివేల తూటాలు. నాయకుడు మేజర్ మెరెడిత్. శత్రువులు ఈము పక్షులు, సుమారు ఇరవై వేలు. గోధుమ పొలాలను తిని, తొక్కి నాశనం చేస్తున్నాయని రైతులు మొరపెట్టుకుంటే రక్షణ మంత్రి పంపించిన దళం అది. తుపాకులు పేలగానే పక్షులు చిన్న చిన్న గుంపులుగా చీలి తలో దిక్కూ పరుగెత్తేవి. ఒకసారి వెయ్యి పక్షుల దాకా దగ్గరికి వచ్చేవరకు ఊపిరి బిగబట్టి మాటువేశారు. తీరా కాల్పులు మొదలుపెట్టి పన్నెండు పక్షుల్ని పడగొట్టేసరికి గన్ మొరాయించింది. వారం తిరక్కుండానే దళాన్ని వెనక్కి పిలిచారు.

ఈ కథ ఆన్‌లైన్‌లో ఎన్నిసార్లు తిరిగొస్తుందో లెక్కలేదు. వచ్చిన ప్రతిసారీ జనం నోట ముందుగా వచ్చేది జోకే. "శాంతి ఒప్పందం మీద ఈముల తరఫున సంతకం ఎవరు పెట్టారు?" "అవి ఎగరలేవు కాబట్టి సరిపోయింది, లేకపోతే వాటికి ఎయిర్‌ఫోర్స్ కూడా ఉండేది." "ఓడిపోయాక నష్టపరిహారం గోధుమల్లో కట్టారా, డబ్బుగానా?" ఇలా సాగుతుంది. అసలు వ్యవహారం సైన్యం దాకా ఎందుకు వెళ్లిందని అడిగేవాళ్లు చివర్లో ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్లకు జవాబుగా వచ్చేది కూడా చాలాసార్లు ఇంకో జోకే.

జనానికి సీరియస్‌గా ఆలోచించే ఓపిక పోయిందని దీన్ని చూసి పెదవి విరిచేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. వింత విషయం విన్నప్పుడు జోక్ వేయడం, దాన్ని బుర్రలో ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చేసే మొదటి ప్రయత్నం. కొన్ని జోకులు ఆ విషయాన్ని మనకు దగ్గర చేస్తాయి. కొన్ని దాన్ని పూర్తిగా కప్పేసి, పైన తామే కూర్చుంటాయి. రెండూ పైకి ఒకేలా ఉంటాయి, రెండూ నవ్విస్తాయి. వాటిని విడదీయడానికి నేను వాడే పరీక్ష ఒక్కటే: అసలు కారణం చెప్పాక కూడా ఆ జోక్ నిలబడుతుందా?

నవ్వు ఎక్కడ పుడుతుంది

సైన్యం అనగానే మన మనసు తనంతట తానే కొన్ని విషయాలు సిద్ధం చేసుకుంటుంది. ఎదురుగా ఇంకో సైన్యం, సరిహద్దు, సేనాపతులు. ఆ చోటులోకి పొడవు మెడ పక్షి తల పెడుతుంది. 1790లో జర్మన్ తత్త్వవేత్త కాంట్ నవ్వు గురించి రాసిన మాట దీనికి దగ్గరగా ఉంటుంది. గట్టిగా బిగుసుకున్న ఎదురుచూపు ఒక్కసారిగా ఏమీ లేకుండా పోతే వచ్చేదే నవ్వు అన్నాడాయన.

కానీ అనుకున్నది తారుమారైన ప్రతిసారీ నవ్వు రాదు. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే అక్కడ లేకపోతే వచ్చేది టెన్షన్. ఈ తేడాను 2010లో పీటర్ మెక్‌గ్రా, కేలబ్ వారెన్ అనే ఇద్దరు పరిశోధకులు తేటగా చెప్పారు. ఏదో తప్పు జరిగినట్టు అనిపించాలి, అదే క్షణంలో దానివల్ల మనకేమీ ప్రమాదం లేదనీ అనిపించాలి. రెండూ ఒకేసారి ఉంటే నవ్వు. మొదటిది ఒక్కటే ఉంటే భయమో కోపమో. రెండోది ఒక్కటే ఉంటే ఆవులింత.

వింత చరిత్రకు ఈ రెండో షరతు దాదాపు ఉచితంగా దొరుకుతుంది. జరిగింది ఎప్పుడో, ఎక్కడో, మనకు పేర్లు కూడా తెలియని మనుషులకు. దూరమే ప్రమాదాన్ని తుడిచేస్తుంది. 2012లో అమెరికా తూర్పు తీరాన్ని శాండీ తుపాను తాకినప్పుడు మెక్‌గ్రా బృందం ఇదే దూరాన్ని కొలిచే పని చేసింది. తుపాను మీద వేసిన జోకుల్ని వేర్వేరు సమయాల్లో జనానికి చూపించి ఎంత నవ్వొచ్చిందో అడిగారు. నష్టం కళ్లముందున్న రోజుల్లో అవి నవ్వించలేదు. నెల దాటాక బాగా పేలాయి. మూడు నెలలు గడిచేసరికి మళ్లీ చప్పబడ్డాయి. అంటే దూరం మరీ తక్కువైనా కుదరదు, మరీ ఎక్కువైనా కుదరదు. మరి వందల ఏళ్ల కిందటి సంగతి చప్పబడిపోవాలి కదా? అక్కడే వింత పనిచేస్తుంది. ఎంత పాతదైనా మనం మొదటిసారి వింటున్నాం కాబట్టి మనకు అది ఇవాళ జరిగినట్టే. దెబ్బ పాతది, ఆశ్చర్యం కొత్తది. జోకుకు ఇంతకంటే అనుకూలమైన ముడిసరుకు దొరకడం కష్టం.

ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ఎవరూ అంత తేలిగ్గా ఒప్పుకోరు. 1651లో ఆంగ్ల తత్త్వవేత్త హాబ్స్ చెప్పింది అదే. ఎదుటివాడి లోపం కంటబడగానే మనలో హఠాత్తుగా పొంగే గొప్పతనమే నవ్వు అని ఆయన వాదన. పాతకాలం వాళ్ల మీద వేసే జోకుల్లో సగం ఇవే. వాళ్లు మూర్ఖులు, మనం కాదు. చనిపోయినవాళ్లు తిరిగి జవాబు చెప్పరు కాబట్టి ఈ ఆటలో గెలుపు ఎప్పుడూ మనదే. హాబ్స్ సిద్ధాంతం అన్ని నవ్వులనూ వివరించలేదని తర్వాతి వాళ్లు చాలామంది అన్నారు, నిజమే. అయినా ఆన్‌లైన్ చరిత్ర జోకుల వరకు ఆయన్ని అంత సులువుగా పక్కన పెట్టలేం.

జోక్ తయారయ్యే పద్ధతి

ఈ జోకులు పైకి ఎంత రకరకాలుగా కనిపించినా లోపల పని ఒకటే. పాత సంగతిని తెచ్చి ఇవాళ్టి మాటల్లో కూర్చోబెట్టడం. ఈముల శాంతి ఒప్పందం అలాంటిదే. యుద్ధం అన్నారు కదా, అయితే యుద్ధానికి ఉండే కాగితాలన్నీ ఉండాలి కదా అని అమాయకంగా అడగడం.

దీనికి నాకు తెలిసిన మేలైన ఉదాహరణ 897 నాటి రోమ్‌ది. పోప్ ఆరవ స్టీఫెన్ తనకంటే ముందు పోప్‌గా ఉండి చనిపోయిన ఫార్మోసస్ శవాన్ని సమాధి నుంచి తీయించాడు. దానికి పోప్ దుస్తులు తొడిగి, సింహాసనం మీద కూర్చోబెట్టి విచారణ జరిపించాడు. శవం తరఫున జవాబులు చెప్పడానికి ఒక డీకన్‌ను, అంటే చర్చిలో కింది స్థాయి మతాధికారిని, నియమించారు. నేరం రుజువైందని తీర్పిచ్చి, దీవెనలిచ్చే మూడు వేళ్లు నరికి, చివరికి శవాన్ని టైబర్ నదిలో పడేయించారు. ఈ కథ వచ్చిన చోటల్లా ఎవరో ఒకరు అంటారు: "మౌనంగా ఉండే హక్కును ముద్దాయి పూర్తిగా వినియోగించుకున్నారు." ఇంకొకరు అందుకుంటారు: "ఆయన లాయరుకు ఫీజు ఇచ్చారా, క్లయింటు కంటే ఆయనే ఎక్కువ మాట్లాడాడు."

ఇప్పుడు కారణం చెప్పి చూద్దాం. ఇటలీలో స్పొలెటో వంశం వాళ్లు చక్రవర్తి కిరీటం తమదని అంటుంటే, ఫార్మోసస్ 896లో వాళ్ల ప్రత్యర్థి అయిన ఆర్నుల్ఫ్‌కు ఆ కిరీటం పెట్టాడు. ఆ కక్ష ఒకటి. ఒక ఊరి బిషప్‌గా ఉన్నవాడు ఇంకో ఊరి బిషప్ పీఠానికి మారకూడదన్నది అప్పటి నియమం. రోమ్ బిషప్పే పోప్ కాబట్టి, పోర్టో బిషప్‌గా ఉన్న ఫార్మోసస్ పోప్ కావడమే తప్పన్నది శవం మీద మోపిన ఒక నేరం. చిత్రమేమిటంటే ఆ లెక్కన స్టీఫెనే తప్పు చేసినవాడవుతాడు, ఎందుకంటే ఆయనా అంతకుముందు అనాగ్ని బిషప్పే. కానీ ఆయన్ని అక్కడ బిషప్‌గా చేసింది ఫార్మోసస్. ఫార్మోసస్ చేసిన నియామకాలన్నీ చెల్లవని తేల్చేస్తే, స్టీఫెన్ అసలెప్పుడూ బిషప్ కానట్టే, కాబట్టి ఆయన పీఠం మారనట్టే! విచారణ వెనక ఈ లెక్క కూడా ఉండి ఉండాలని చరిత్రకారులు అంటారు. ఇది తెలిశాక మౌనం హక్కు జోక్ పాడవలేదు, ఇంకా పదునెక్కింది. పిచ్చివాళ్ల పనిలా కనిపించిన విచారణ లోపల పక్కా లాయరు బుర్ర పనిచేసింది. మనం చట్టం భాషలో వేసిన జోక్ తెలియకుండానే సరైన చోట తగిలింది. స్టీఫెన్‌ను మాత్రం అదే ఏడాది జైల్లో గొంతు పిసికి చంపారు.

కాలాల్ని పక్కపక్కన పెట్టి వేసే జోకులు మరో రకం. సమురాయ్ యోధుడు అబ్రహాం లింకన్‌కు ఫ్యాక్స్ పంపగలిగే కాలం ఒకటి ఉందన్నది వీటిలో పేరుమోసింది. అలెగ్జాండర్ బెయిన్ అనే స్కాట్లండ్ మనిషి ఫ్యాక్స్ లాంటి యంత్రానికి పేటెంటు తీసుకున్నది 1843లో. లింకన్ హత్య 1865లో. జపాన్‌లో సమురాయ్ వర్గాన్ని రద్దు చేసింది 1870ల్లో. తేదీల వరకు లెక్క సరిపోయింది. వెంటనే జోకులు: "పంపాడు కానీ అవతల కాగితం అయిపోయింది", "లింకన్ ఇంకా లైన్ కలవడం కోసం చూస్తున్నాడు". ఈ రెండో తరహా జోకులే అసలు విషయాన్ని పట్టుకున్నాయి. ఎందుకంటే రెండు దేశాల మధ్య తీగ లేదు. పసిఫిక్ సముద్రాన్ని దాటే టెలిగ్రాఫ్ కేబుల్ ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేదాకా పడలేదు. యంత్రం ఉండటం వేరు, అవతలివాడికి చేరడం వేరు. నవ్వులాటగా అన్న "లైన్ కలవలేదు"లో ఆ పాఠం మొత్తం ఉంది.

ఇలాంటి పోలికలు నాకు ఇష్టం. చరిత్రను మనం గదులుగా పంచుకుంటాం, ఒక గదిలో రాజులు, ఇంకో గదిలో యంత్రాలు. తేదీలు ఆ గోడల్ని పట్టించుకోవు. క్లియోపాత్రా పుట్టింది క్రీస్తుపూర్వం 69లో. గీజాలోని గ్రేట్ పిరమిడ్ కట్టింది అంతకు సుమారు 2,500 ఏళ్ల ముందు. మనిషి చంద్రుడి మీద కాలుపెట్టింది 1969లో, అంటే ఆమె పుట్టిన రెండువేల ఏళ్లకు. ఆమె పిరమిడ్ కంటే రాకెట్‌కే దగ్గర. ఆక్స్‌ఫర్డ్‌లో 1096 నాటికే చదువు చెబుతున్నారు, మెక్సికోలో అజ్టెక్‌లు తమ రాజధాని తెనోచ్‌తిత్లాన్‌ను స్థాపించింది 1325లో. ఇలాంటివి విని జోక్ వేసినా ఎవరికీ నష్టం లేదు, పైగా తేదీ గుర్తుండిపోతుంది.

నిలబడని జోకులు

అన్నీ అలా ఉండవు. 1896 ఆగస్టు 27న తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ సుల్తాన్ రాజ్యానికీ బ్రిటన్‌కూ జరిగిన యుద్ధం నలభై నిమిషాల అటూ ఇటుగా ముగిసిపోయింది. చరిత్రలో అతి చిన్న యుద్ధమని పేరు. "ఫోన్ ఛార్జింగ్ ఎక్కేలోపు యుద్ధం అయిపోయింది", "సైనికుడు బాత్రూమ్‌కు వెళ్లొచ్చేసరికి దేశం మారిపోయింది" లాంటివి మీరూ చూసే ఉంటారు. ఆ కాసేపట్లో జాంజిబార్ వైపు చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి సుమారు 500 మంది. బ్రిటిష్ వైపు గాయపడింది ఒక్క నావికుడు. యుద్ధం చిన్నదవడానికి కారణం అదే. ఎదురుగా సముద్రంలో నిలబడ్డ యుద్ధనౌకలు ఎక్కువగా చెక్కతో కట్టిన రాజభవనాన్ని గుల్ల చేశాయి. తమకు నచ్చనివాడు సుల్తాన్ పీఠం ఎక్కాడన్నది బ్రిటన్ కోపం. నలభై నిమిషాలన్న అంకె ఆ బలాల తేడాకు కొలత. అది తెలిశాక ఛార్జింగ్ జోక్ నోట్లోనే ఆగిపోతుంది.

1919 జనవరి 15న బోస్టన్ నగరంలో పెద్ద ఉక్కు ట్యాంకు పగిలి 87 లక్షల లీటర్ల మొలాసిస్ వీధుల్లోకి వచ్చిపడింది. చక్కెర తీశాక మిగిలే చిక్కటి నల్లటి పాకం అది. 21 మంది చనిపోయారు, 150 మంది గాయపడ్డారు. దీని మీద జోకులన్నీ వేగం గురించే. పాకం నుంచి తప్పించుకోలేకపోవడమేమిటి, నడిచినా సరిపోయేది కదా అని. నిజానికి ఆ కెరటం గంటకు 50 కిలోమీటర్లకు పైగా వేగంతో వచ్చిందని అంచనా. పాకం నీటికంటే బాగా బరువు, అంత ఎత్తునుంచి ఒక్కసారిగా విడుదలైతే ఆ బరువే దాన్ని తోస్తుంది, చిక్కదనం దాన్ని ఆపలేదు. తర్వాత చలికి గట్టిపడి, అందులో ఇరుక్కున్నవాళ్లను కదలనివ్వలేదు. ఇది భౌతికశాస్త్రం. దీనికంటే ముఖ్యమైంది ఇంకొకటుంది. ట్యాంకు మొదటినుంచీ కారుతోంది. కారడం కనబడకుండా కంపెనీ దానికి గోధుమ రంగు వేయించింది. ప్రమాదం తర్వాత ఎవరో బాంబు పెట్టారని వాదించింది. ఏళ్లపాటు విచారణ సాగాక 1925లో తప్పు కంపెనీదేనని తేలింది. పాకం జోక్ వేసినవాళ్లలో ఎంతమందికి ఆ రంగు సంగతి తెలుసో నాకు అనుమానమే. నా దృష్టిలో ఈ మొత్తం కథలో నిజంగా వింతైనది, జోకుకు తగినది ఆ రంగే. కాకపోతే ఆ జోక్ నవ్వించదు, కాలుస్తుంది.

ఇక ఈముల దగ్గరికి వస్తే, అవి గెలిచాయన్న జోక్ సగం నిలబడుతుంది, సగం కూలుతుంది. ఆ పొలాల్లో ఉన్న రైతులు చాలామంది మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు. ప్రభుత్వం వాళ్లకు భూములిచ్చి సేద్యం చేసుకోమంది. 1929లో ఆర్థికమాంద్యం వచ్చి గోధుమ ధర పడిపోయింది. ఇస్తామన్న సాయం అందలేదు. ఆ కష్టం మీద ఈములు వచ్చిపడ్డాయి. లోపలి ప్రాంతాల నుంచి ఏటా వలసొచ్చే ఆ పక్షులకు చదును చేసిన పొలం, పశువులకోసం పెట్టిన నీళ్లు కనిపిస్తే ఎందుకు వదులుతాయి? అవి విరిచిన కంచెల సందుల్లోంచి కుందేళ్లు కూడా దూరాయి. మెషిన్ గన్ ఏమిటో బాగా తెలిసిన మాజీ సైనికులే వాటిని అడిగారన్నమాట. ఇక గెలుపోటముల సంగతి. దళం నవంబరు మధ్యలో రెండోసారి వెళ్లి డిసెంబరు దాకా ఉంది. 9,860 తూటాలకు 986 పక్షుల్ని చంపామని మెరెడిత్ లెక్క చెప్పాడు. పక్షికి సరిగ్గా పది తూటాలు! ఇంత నున్నటి లెక్క చూసి నవ్వుకోవడానికి జోక్ ఏమీ అక్కర్లేదు. ఆ తర్వాత ప్రభుత్వం సైన్యాన్ని వదిలేసి, చంపిన పక్షికి ఇంత అని బహుమతి డబ్బు ఇచ్చే పద్ధతినే నమ్ముకుంది. 1934లో ఆరు నెలల్లోనే 57,034 పక్షులకు డబ్బు చెల్లించారు. సైన్యం మీద గెలిచిన ఈములు లెక్కల పుస్తకం ముందు ఓడిపోయాయి. జోక్ మాత్రం 1932 దగ్గరే ఆగిపోయింది, అక్కడైతే ముగింపు బాగుంటుంది మరి.

జోకే వాస్తవమైతే

ఇంతవరకు చెప్పింది వాస్తవం నుంచి జోక్ పుట్టడం గురించి. దీనికి ఎదురు దారి కూడా ఉంది, అది ఇంకా తమాషాగా ఉంటుంది.

1814 అక్టోబరు 17న లండన్‌లోని హార్స్ షూ బ్రూవరీలో భారీ పీపా పగిలి బీరు వరదై పారింది. పీపా చుట్టూ ఉన్న ఇనుప పట్టీ జారిందని ఆ సాయంత్రమే గుమాస్తా చూసి చెప్పాడు, ఏమీ కాదులే అన్నారు. చనిపోయిన ఎనిమిది మందీ ఆడవాళ్లు, పిల్లలే. వాళ్లలో కొందరు, అంతకుముందే చనిపోయిన ఒక పసివాడి శవం దగ్గర కూర్చుని ఏడుస్తున్నవాళ్లు. ఈ సంగతికి ఇవాళ తోకలా అంటుకుని వచ్చేది ఏమిటంటే, జనం గిన్నెలూ కుండలూ తెచ్చి వీధిలో బీరు తోడుకుని తాగారని, ఒకడు తాగి తాగి చచ్చాడని. ఆనాటి పత్రికల్లో అలాంటిదేమీ లేదు. అది తర్వాతి వాళ్లు కలిపిన మసాలా. బీరు వరద అనగానే ఎవరికైనా తట్టే మొదటి జోక్ అదే కదా! చెప్పగా చెప్పగా అది జోక్ అన్న సంగతి రాలిపోయి కథలో భాగమైంది. బ్రూవరీ ఆ బీరు మీద ముందే కట్టిన పన్నును ప్రభుత్వం వెనక్కి ఇచ్చింది. ఆ ముక్క మాత్రం ఎవరి నోటా రాదు.

నెపోలియన్ పొట్టివాడన్నదీ ఇదే దారిలో వచ్చింది. ఆయన ఎత్తు ఫ్రెంచి కొలతలో 5 అడుగుల 2 అంగుళాలు. ఫ్రెంచి అంగుళం ఇంగ్లిష్ అంగుళం కంటే పెద్దది, కాబట్టి అది దాదాపు 168 సెంటీమీటర్లు, ఆ కాలపు ఫ్రెంచివాళ్లలో మామూలు ఎత్తు. కానీ జేమ్స్ గిల్‌రే అనే లండన్ కార్టూనిస్టు ఆయన్ని మరుగుజ్జులా, కాళ్లు తపతప కొట్టుకుంటూ మారాం చేసే పిల్లవాడిలా గీశాడు. కార్టూన్ కొలతల గందరగోళాన్ని మించి పనిచేసింది. శత్రుదేశం వేసిన జోక్ రెండువందల ఏళ్ల తర్వాత వాస్తవంగా చలామణి అవుతుంటే, మనం ఆ "వాస్తవం" మీద మళ్లీ జోకులేస్తున్నాం.

కావాలని వేసిన వలలూ ఉన్నాయి. 1917 డిసెంబరు 28న అమెరికన్ పత్రికారచయిత హెచ్. ఎల్. మెంకెన్ ఒక వ్యాసం రాశాడు. అమెరికాలో మొదటి స్నానపు తొట్టి 1842లో సిన్సినాటిలో వచ్చిందని, ప్రెసిడెంట్ ఫిల్‌మోర్ దాన్ని వైట్‌హౌస్‌లో పెట్టించాడని. అంతా కల్పన, యుద్ధం రోజుల్లో సరదాకి రాసింది. జనం నమ్మేశారు, పుస్తకాల్లో ఎక్కించారు. 1926లో ఆయనే అది అబద్ధమని చెప్పుకున్నా కథ ఆగలేదు. ఫ్రెడ్ వర్త్ అనే ట్రివియా (చిన్న చిన్న విశేషాల) పుస్తకాల రచయిత ఇంకా తెలివిగా చేశాడు. కొలంబో అనే టీవీ డిటెక్టివ్ మొదటి పేరు ఫిలిప్ అని తన పుస్తకంలో ఒక దొంగ వాస్తవం పెట్టాడు, ఎవరు కాపీ కొడతారో చూద్దామని. ట్రివియల్ పర్స్యూట్ అనే ఆటలో అదే జవాబు కనబడింది. 1984లో కోర్టుకెళ్లాడు. వాస్తవాలు ఎవరి సొత్తూ కావన్న వాదన ముందు ఆయన కేసు ఓడిపోయింది. దొంగ వాస్తవం కూడా!

2008లో ఒక విద్యార్థి వికీపీడియాలో కోవాటి అనే అమెరికా ఖండపు జంతువు పేజీలో, దీన్నే బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్ (ఆర్డ్‌వార్క్ నిజానికి ఆఫ్రికాలోని వేరే జంతువు) అని కూడా అంటారని సరదాగా ఒక మాట చేర్చాడు. ఆ మాటను పత్రికలు వాడాయి. పత్రికలు వాడాయి కాబట్టి వికీపీడియాలో దానికి ఆధారం దొరికింది. గుండ్రంగా తిరిగి తన తోకను తానే రుజువుగా చూపించిన జోక్ ఇది.

ఇవి ఇంతగా ఎందుకు అంటుకుంటాయి? 1977లో హాషర్, గోల్డ్‌స్టీన్, టొపీనో అనే ముగ్గురు మనస్తత్వ పరిశోధకులు చూపించిన సంగతి ఒకటుంది. ఒక మాటను పదేపదే వింటే, అది నిజమో కాదో తెలియకపోయినా, నిజమనిపించడం పెరుగుతుంది. జోకుకు ఉన్న గుణమే పదేపదే చెప్పబడటం. పైగా జోక్ చెప్పినవాడి ముఖం రాతలో కనబడదు. 1982లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో లిఫ్టులో పాదరసం ఒలికిందని వేసిన జోక్‌ను కొందరు నిజమైన హెచ్చరిక అనుకున్నారు. ఆ గొడవ తర్వాతే స్కాట్ ఫాల్మన్ అనే ప్రొఫెసర్ సెప్టెంబరు 19న, జోకుల పక్కన కోలన్, గీత, బ్రాకెట్ కలిపిన నవ్వు గుర్తు పెడదామని ప్రతిపాదించాడు. ఇవాళ మనం వాడే నవ్వుముఖాలకు అదే ముత్తాత. అయినా ఫార్వర్డ్ అయ్యేటప్పుడు, స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు మొదట ఊడిపోయేది ఆ గుర్తే.

గుర్తుండేది ఏది

జోక్ కలిస్తే సంగతి బాగా గుర్తుంటుందని చాలామంది సమర్థిస్తారు. అందులో నిజం ఉంది, కానీ ఒక మెలిక ఉంది. 1994లో స్టీఫెన్ ష్మిట్ అనే పరిశోధకుడు నవ్వించే వాక్యాలు, మామూలు వాక్యాలు కలిపి చూపించి, తర్వాత ఏవి గుర్తున్నాయో పరీక్షించాడు. నవ్వించేవే ఎక్కువ గుర్తున్నాయి. అయితే ఆ లాభం ఊరికే రాలేదు, పక్కనున్న మామూలు వాక్యాలు అంతమేరకు మరుగున పడ్డాయి. వాక్యాలన్నీ నవ్వించేవే అయితే ఆ లాభం కూడా లేదు. బోస్టన్ ట్యాంకు కథకు దీన్ని అన్వయించి చూడండి. పాకం వేగం గుర్తుంటుంది, గోధుమ రంగు పోతుంది.

కాబట్టి జోక్ వేయొద్దనడం నా ఉద్దేశం కాదు, వేసినా ఎవరూ ఆగరు. ఏ జోక్ మనల్ని ఇంకో ప్రశ్న దగ్గరికి తీసుకెళ్తుందన్నదే చూడాల్సింది. దీనికి వాంబాట్ అనే ఆస్ట్రేలియా జంతువు కథ చక్కగా సరిపోతుంది. దాని పెంటికలు ఘనాకారంలో, పాచికల్లా ఉంటాయి. ఈ సంగతి విన్న ప్రతివాడూ వేసే జోక్ ఒకటే, దాన్ని ఇక్కడ పూర్తిగా రాయక్కర్లేదు: అయితే ఆ ద్వారం కూడా చతురస్రమేనా, నొప్పి పెట్టదా? చూడబోతే ఇది వెకిలి. కానీ శాస్త్రజ్ఞుడు అడగాల్సిన ప్రశ్న కూడా అచ్చంగా ఇదే. గుండ్రటి గొట్టంలోంచి మూలలున్న వస్తువు ఎలా వస్తుంది?

ప్యాట్రిషియా యాంగ్, డేవిడ్ హూ ఉన్న బృందం చచ్చిన వాంబాట్‌ల పేగుల్ని తీసుకుని, లోపల బెలూన్ ఊది, గోడ ఎక్కడ ఎంత సాగుతుందో కొలిచింది. 2018లో ఆ ఫలితాలు చెప్పారు, 2019లో వాళ్లకు ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది. 1991 నుంచి ఇస్తున్న ఆ బహుమతికి షరతే, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధన కావాలని. ద్వారం చతురస్రం కాదు, మామూలుగా గుండ్రమే. కిటుకు అంతకు ముందే, పేగు చివరి భాగంలో ఉంది. అక్కడ గోడ చుట్టూ ఒకేలా ఉండదు, కొన్నిచోట్ల బిరుసుగా, కొన్నిచోట్ల మెత్తగా ఉంటుంది. బిరుసు భాగం తొందరగా ముడుచుకుంటుంది, మెత్తది నెమ్మదిగా. లోపలిది రోజుల తరబడి ఎండుతూ, ఆ తేడా ఒత్తిళ్ల మధ్య నలుగుతూ పోయేసరికి మూలలు తేలతాయి.